యాట పోగు, మీగడ ఉట్టి, పుట్టకొక్కు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు వంటింటి చరిత్ర

ఒక ప్రాంతపు వంటల చరిత్ర రాసేవారు అక్కడ ఏయే దినుసులు దొరికేవో ముందుగా లెక్క తీసి, ఆ లెక్కను బట్టి అక్కడివారు ఏమేమి వండుకొని ఉంటారో ఊహించడం పరిపాటి. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం విషయంలో ఈ పద్ధతి సరిగ్గా పనిచేయదు. లేగదూడ పక్కటెముకల ముక్కలను వెన్నలో వేయించి, పుట్టగొడుగులు, మీగడ కలిపి కాచిన చిక్కటి సాసును వాటిమీద పోసే ఐరోపా వంటకాన్ని ఈ నేలమీద పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇక్కడ లేత మాంసానికి కొరత లేదు, మీగడ కట్టని పాలు లేవు, తొలకరి తరువాత పుట్టగొడుగులు మొలవని అడవి లేదు. అయినా ఈ మూడూ తరతరాలపాటు ఒకే గిన్నెలో కలవలేదు. దీనికి రుచిభేదం కొంతవరకే కారణం. మాంసం ఒక తీరున పంచుకొనేది, మీగడ మరొక తీరున దాచుకొనేది, పుట్టగొడుగు ఏరుకొన్నవారిది కావడం వల్ల ఒకదాని దారి మరొకదానికి ఎదురుపడలేదన్నదే అసలు కారణంగా కనిపిస్తుంది.

కామారెడ్డి హైదరాబాదుకు ఉత్తరంగా, నాగపూరుకు వెళ్లే జాతీయ రహదారిమీద ఉన్న పట్టణం. ఎల్లారెడ్డి అక్కడినుంచి లింగంపేట మీదుగా పడమరకు పోతే మంజీర పరీవాహకంలో తగిలే ఊరు. నిజాముల కాలంలో ఇందూరు అనే పేరుతో ఉన్న జిల్లా 1905 నాటి మార్పుల తరువాత నిజామాబాదుగా మారగా, ఈ రెండు ఊళ్లూ ఆ జిల్లాలోనే చాలాకాలం కొనసాగి, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చాయి. రెండింటి మధ్య నేల ఒకే రకంగా ఉండదు. కామారెడ్డి వైపు చెరువుల కింది వరి, చెరకు, బెల్లం వ్యాపారం, 1900 ప్రాంతంలో సికిందరాబాదు నుంచి మన్మాడు దాకా సాగిన రైలుమార్గం ఉండగా, ఎల్లారెడ్డి వైపు టేకు, మోదుగ, తునికి చెట్ల అడవి, ఆ అడవి అంచున లంబాడీ తండాలు, 1916, 1922ల మధ్య కట్టిన పోచారం జలాశయం, 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు ఆనకట్ట ఉన్నాయి. పోచారం చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాము వేటకు ప్రత్యేకించినది. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పట్టణపు అంగడికీ అడవి అంచుకూ ఉన్న ఈ దూరం కొద్దిపాటిదే అయినా వంటింటి చరిత్రలో చాలా పెద్దది.

ముందుగా లేగదూడ మాంసం సంగతి. వీల్ అని ఐరోపావారు పిలిచే ఈ మాంసం పాడి పరిశ్రమకు ఉపఫలం. ఆవు పాలివ్వాలంటే ఈనాలి, ఈనిన దూడల్లో దాదాపు సగం మగవి, మగదూడ పాలివ్వదు. ఎద్దులకు బదులు గుర్రాలు దున్నే చోట, లేదా పొలం కన్నా పచ్చిక ఎక్కువగా ఉన్న చోట, దానికి వేరే పని ఉండదు. ఫ్రాన్సులోని నార్మండీ వంటి పచ్చిక ప్రాంతాల్లో వెన్న, మీగడ, లేగమాంసం ఒకే దొడ్డినుంచి వచ్చేవి కాబట్టి అవి ఒకే పెనంమీద కలవడంలో వింతేమీ లేదు. పుట్టగొడుగులు కూడా అక్కడ వంటవాడి చేతికి అందుబాటులోకి తొందరగానే వచ్చాయి: వృక్షశాస్త్రవేత్త తూర్నఫోర్ 1707లోనే గుర్రపు పేడమీద వాటిని పెంచే విధానాన్ని వివరించాడు, ఆ తరువాతి శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల పాడుపడిన రాతిగనుల చీకట్లో సాగు విస్తరించింది. అంటే ఆ వంటకం పుట్టుకలో వంటవాడి ప్రతిభ ఎంత ఉందో, ఆ దేశపు దొడ్డి, పచ్చిక, గని కలిసిన ఏర్పాటు అంతకన్నా ఎక్కువే ఉంది.

మంజీర తీరాన మగదూడ లెక్క వేరు. ఇక్కడ అది దినదినం ఎదిగే ఆస్తి. రెండు మూడేళ్లు మేపితే కాడికి కట్టే ఎద్దు అవుతుంది, జత కుదిరితే అంగట్లో దాని ధర ఆ ఇంటి ఆర్థిక స్థితిని తేల్చేది. మంజీరకు ఎగువన లాతూరు, బీదరు ప్రాంతంలో పుట్టిన దేవణి జాతి పాలకూ సేద్యానికీ రెంటికీ పనికివచ్చేదిగా పేరుపొందడం ఈ లెక్కకు తగిన ఉదాహరణ. అలాంటి చోట లేగను కోసుకొని తినడమంటే విత్తనపు వడ్లు వండుకొని తినడంతో సమానం. మతవిశ్వాసం ఈ ఆర్థికానికి తోడైందనడం సబబు. ఏది ముందు, ఏది వెనుక అన్న వాదన ఇక్కడ అనవసరం. ఆపైన 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవులతోపాటు ఆవుదూడలను, గేదెదూడలను కూడా కోయడాన్ని నిషేధించింది, తెలంగాణలోనూ అదే అమలులో ఉంది. కాబట్టి లేగమాంసం ఈ ప్రాంతపు వంటింటికి ఎన్నడూ చెందినది కాదు. అయితే దీన్ని బట్టి ఇక్కడ పశుమాంసమే లేదనుకోవడం పొరపాటు: పెద్దకూర అని తెలుగులోనూ, బడే కా గోష్త్ అని దక్కనీ ఉర్దూలోనూ పిలిచే ఎదిగిన పశువు మాంసం దళిత వాడల్లో, ముస్లిం ఇళ్లలో నిత్యజీవితంలో భాగంగా ఉంది, దాని ముక్కలను ఉప్పు, కారం పట్టించి ఎండబెట్టి వానాకాలానికి దాచుకొనే పద్ధతి కూడా ఉంది. కాని అది ముదురు మాంసం, గంటలకొద్దీ ఉడకవలసినది. లేగముక్కకు చేసే చిటికెలో వేపుడు దానికి కుదరదు.

ఈ కథకు ఇటీవలి మలుపు ఒకటి ఉంది. ట్రాక్టరు వచ్చి కాడి పోయిన తరువాత మగదూడకు ఇక్కడ కూడా పని లేకుండా పోయింది. ఐరోపాలో వీల్ పుట్టడానికి కారణమైన ఇబ్బందే ఆలస్యంగా మంజీర తీరానికి చేరింది. అక్కడ దానికి పరిష్కారం వంటింట్లో దొరికితే, ఇక్కడ ప్రయోగశాలలో వెదుకుతున్నారు: ఆడదూడలే పుట్టే అవకాశాన్ని ఎంతో పెంచే విధంగా వేరుచేసిన వీర్యాన్ని కృత్రిమ గర్భధారణకు వాడే పథకాలు ఇప్పుడు దేశమంతటా నడుస్తున్నాయి.

లేత మాంసం అనగానే ఈ ప్రాంతంవారికి తోచేది మేక, గొర్రె. కోతకు సిద్ధమైన మేకపోతునో పొట్టేలునో తెలంగాణలో యాట అంటారు. కూర అన్న మాట ఒక్కటే వాడినా చాలా ఊళ్లలో మాంసమనే అర్థం. గొర్రెలను గొల్ల, కురుమ కులాలవారు పెంచేవారు, కోసి అమ్మే వృత్తి కటికవారిది. పట్టణాల్లో ముస్లిం ఖురేషీలు కూడా ఈ వ్యాపారంలో ఉన్నారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా 75 శాతం సబ్సిడీమీద ఇచ్చే పథకం ప్రారంభించడం వెనుక కూడా ఈ వృత్తుల పాత అమరికే ఉంది. అయితే పల్లెలో మాంసం ఎక్కువగా కొట్టునుంచి కాక పోగునుంచి వచ్చేది, ఆ పోగు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి.

పోగు అంటే కుప్ప. దసరాకో, పోచమ్మ పండుగకో, లేదా పొలం పనులు తెరపిచ్చిన ఒక ఆదివారానికో పది పదిహేను ఇళ్లవారు కలిసి ఒక యాటను కొంటారు. కోత చెట్టుకింద తెల్లవారుజామున జరుగుతుంది. తోలు తీసిన యాటను వేలాడదీసి భాగాలు విడగొట్టాక, మోదుగాకులు గాని టేకు ఆకులు గాని పరచి, ఎన్ని ఇళ్లో అన్ని కుప్పలు వేస్తారు. వేసే తీరు గమనించదగినది. తొడ మాంసం ముందు అన్ని కుప్పల్లో సమంగా పడుతుంది, తరువాత జబ్బ, తరువాత మెడ, పక్కటెముకలు, ఆపైన కార్జం ముక్కొకటి, బోటీ కొంత, మూలుగ బొక్క విరిచి తలా ఒక తునక. ఒక కుప్పలో కొవ్వు ఎక్కువైతే పక్క కుప్పలోకి చేత్తో తీసి వేస్తారు, చూసేవారు మాటలతో తూకం వేస్తారు. చివరకు ఏ పోగు ఎవరికన్నది చీటీలతోనో, ఒక పిల్లవాణ్ణి అటు తిప్పి నిలబెట్టి పేర్లు పిలిపించో తేలుస్తారు. తలకాయ, కాళ్లు, తోలు ఎవరికి వెళ్లాలన్నది ఊరి ఆనవాయితీని బట్టి ఉండేది. ఇంతటి న్యాయబుద్ధితో జరిగే పంపకంలో చాప్ అనే ముక్కకు చోటులేదు. ఐరోపా వంటకం అడిగేది ఒకే చోటి మాంసం, ఒకే మందం, వెన్నువద్ద తెగకుండా ఎముకతో నిలిచిన ఆరు పలకలు. పోగు ఇచ్చేది ఒకే జంతువులోని అన్ని చోట్ల నుంచి వచ్చిన చిన్న ముక్కల కూడిక. అలాంటి కూడికకు సరిపడే వంట ఒక్కటే, అన్నీ కలిపి ఒకే కుండలో చాలాసేపు ఉడికించే పులుసుకూర. ముక్క తక్కువ, తినేవారు ఎక్కువ అయినప్పుడు పులుసు పెరుగుతుంది, జొన్నరొట్టె ఆ పులుసులో నానుతుంది.

మాంసాన్ని భాగాలుగా పేరుపెట్టి కోసే అలవాటు ఈ ప్రాంతానికి ముఖ్యంగా పట్టణం దారిన వచ్చింది. హైదరాబాదు కసాయి కొట్లలో దస్తీ అంటే ముందుకాలి జబ్బ, రాన్ అంటే తొడ, సీనా అంటే రొమ్ము, నల్లీ అంటే మూలుగ బొక్క, చాంప్ అంటే పక్కటెముకల ముక్క; ఇంగ్లీషు చాప్ మాటనే ఉర్దూ నోరు చాంప్‌గా మలచుకొంది. 1798 సంధి తరువాత స్థిరపడిన బ్రిటిషు సైన్యం కోసం 1806లో సికిందరాబాదు కంటోన్మెంటు ఏర్పడడంతో కట్లెట్, చాప్స్, రోస్ట్ వంటి మాటలు రెసిడెన్సీ వంటవాళ్ల నోట చేరి, అక్కడినుంచి జాగీర్దారుల బంగళాలకు పాకాయి. ఎముకతోకూడిన ముక్కను నిప్పులమీద కాల్చుకొనే అలవాటు అంతకు ఎంతో ముందునుంచే దక్కనులో ఉంది. ఈ ప్రాంతాన్ని ఏలిన కల్యాణీ చాళుక్యుల రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలోని అన్నభోగ ప్రకరణం రకరకాల మాంసాలను పులుపుల్లో నానబెట్టి కాల్చడం, వేయించడం వర్ణిస్తుంది. కాని అది రాజభోజనం, యాటను పోగులు వేయవలసిన అవసరం రాజుకు లేదు.

ఇక మీగడ. పాడి ఉన్న ఇంట్లో పాలు పిడకల సెగమీద మట్టికుండలో మరిగేవి. ఆ సెగ గుంటను దాలి అంటారు. సన్నని సెగకు గంటలతరబడి కాగిన పాలు గోధుమరంగు తిరిగి, పైన వేలిమందాన మీగడ కట్టేవి. ఆ మీగడ అలాగే తోడుతో కలిసి పెరుగై, మరునాడు కవ్వం కిందికి పోయి వెన్నగా తేలేది. వెన్న ఉట్టిమీది కుండలో నాలుగు రోజులు పోగుపడి, ఒకనాడు కాగి నెయ్యి అయ్యేది. గేదెపాలలో కొవ్వు సుమారు 6 నుంచి 8 శాతం, ఆవుపాలలో 4 శాతం చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి గేదె ఉన్న ఇల్లాలి ఉట్టి తొందరగా నిండేది. ఈ గొలుసులో మీగడ ఒక మజిలీ మాత్రమే, గమ్యం నెయ్యి. నెయ్యి నిలవ ఉంటుంది, అమ్మవచ్చు, పెళ్లికి పెట్టవచ్చు, అప్పుకు బదులు ఇవ్వవచ్చు. కవ్వం పని అయ్యాక మిగిలిన చల్ల మాత్రం ఇరుగుపొరుగుకు ఉచితంగా పోసేవారు. చల్లకు వచ్చి ముంత దాచినట్టు అన్న సామెత పుట్టింది ఇటువంటి లోకంలోనే. నెయ్యి అడగడానికి ముంత పట్టుకొని వచ్చినవారి గురించి సామెత లేకపోవడం కూడా అర్థవంతమే. ఒక పూట కూరలో గిన్నెడు మీగడ పోయడమంటే ఆ ఇల్లాలి దృష్టిలో వారం రోజుల నెయ్యిని పొయ్యిపాలు చేయడం.

దీనికి తోడు వంట రసాయనం కూడా అడ్డుపడింది. ఈ ప్రాంతపు మాంసం కూరకు ప్రాణం పులుపు: చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు ఉంటుంది, ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి చేరితే అది గడ్డకట్టి నీటినుంచి విడిపోతుంది, దీన్నే పాలు విరగడం అంటారు. కొవ్వు బాగా ఎక్కువగా ఉన్న మీగడలో కేసీన్ వాటా తక్కువ కాబట్టి అది కొంత తట్టుకొంటుంది గాని, చింతచిగురు వేసిన కూరలో ఇంటి మీగడ పోస్తే ముక్కలు ముక్కలుగా తేలడం ఖాయం. చరకసంహిత కూడా ఊరి పశువుల మాంసాన్ని పాలతో కలిపి తినడాన్ని విరుద్ధాహారాల్లో చేర్చింది. పల్లె ఇల్లాలు చరకుణ్ణి చదవకపోయినా మాంసం తిన్న పూట పాలు తాగవద్దనే పెద్దల మాట ఆ జ్ఞాపకాన్నే మోసుకువస్తున్నట్టుంది. చిక్కదనం కావాలంటే దానికి వేరే సరుకులు ఉన్నాయి: వేయించిన నువ్వుల పొడి, పల్లీల పొడి, ఎండుకొబ్బరి, గసగసాలు. ఐరోపా వంటవాడు మైదాను వెన్నలో వేయించి పాలు, మీగడలతో సాధించే చిక్కదనాన్ని తెలంగాణ ఇల్లాలు నూనెగింజలతో సాధించింది, అవి పులుపుకు విరగవు.

మాంసంలో మీగడ పోసే వంట ఈ ప్రాంతంలో బొత్తిగా లేదనడానికి వీల్లేదు. హైదరాబాదు రాజ్యపు ముస్లిం పెళ్లివిందుల్లో ముందుగా పోసే మరగ్ అనే చారు ఎముకలతో కూడిన లేత మాంసాన్ని జీడిపప్పు, బాదం, మీగడలతో కాచినది. యెమెన్ ప్రాంతపు అరబ్బుల ద్వారా హైదరాబాదుకు చేరిందని చెప్పే ఈ చారులో చింతపండు ఉండదు, అందుకే మీగడ నిలుస్తుంది. సాసు అనదగిన వస్తువుకు ఇక్కడ దగ్గరి చుట్టం ఇదే. కాని అది పెళ్లివంట, వంటమాస్టరు డేగిసాలో కాచేది. ఇంటి పొయ్యిమీదికి దిగిరాలేదు.

మూడవ దినుసు అయిన పుట్టగొడుగు ఈ రెంటికన్నా విచిత్రమైనది, ఎందుకంటే దానికి యజమాని లేడు. తెలంగాణలో పుట్టకొక్కు అని పిలిచే ఈ అడవి పుట్టగొడుగు పేరులోనే దాని జన్మస్థానం ఉంది: అది చెదపుట్టలో పుడుతుంది. కొన్ని జాతుల చెదలు నేలలోపల నమిలిన కట్టెపొట్టుతో తేనెపట్టు వంటి తొట్లు కట్టి, వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదలు నేరుగా అరిగించుకోలేని కట్టెను ఆ శిలీంధ్రం మెత్తబరిచి వాటికి ఆహారంగా మారుస్తుంది. వానలు పడి నేల చల్లబడగానే అదే శిలీంధ్రం పొడవాటి వేరు వంటి కాడతో పైకి తన్నుకొచ్చి గొడుగు విప్పుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ 1942లో ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టాడు, చెదశిలీంధ్రమని దాని అర్థం. మనిషి గోధుమగడ్డిమీద, వరిగడ్డిమీద ఎన్నో పుట్టగొడుగులను పెంచగలిగినా, చెదపురుగు చేసే ఈ సేద్యాన్ని వాణిజ్యస్థాయిలో అనుకరించలేకపోయాడు. అందుకే పుట్టకొక్కుకు ఇప్పటికీ అంగడి ఒక్కటే, అడవి. కాలం ఒక్కటే, ఆషాఢ శ్రావణాలు.

వేసవిలో తునికాకు ఏరిన చేతులే వానాకాలంలో పుట్టకొక్కు ఏరుతాయి. ఉరుము ఉరిమితే పుట్టకొక్కు లేస్తుందన్న నమ్మకంతో, ముందురోజు రాత్రి వాన పడితే తెల్లవారకముందే బయలుదేరుతారు, ఎందుకంటే గొడుగు పూర్తిగా విచ్చితే పురుగుపట్టి మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది. ఏ పుట్టమీద గతేడు లేచిందో గుర్తుపెట్టుకోవడం ఒక విద్య, ఆ జాడను పక్కవారికి చెప్పకపోవడం మరొక విద్య. పట్టి లాగితే కాడ తెగుతుంది కాబట్టి చిన్న కట్టెతో చుట్టూ మట్టి కదిపి, వేరుకాడ చాలామేర వచ్చేదాకా ఓపికగా తీస్తారు. నెత్తిన చిన్న మొన, కింద మట్టిలోకి దిగిన పొడవాటి వేరు ఉంటేనే అది పుట్టకొక్కు. పెంటకుప్పలమీద, గడ్డిలో విడిగా మొలిచేవి కుక్కగొడుగులు, వాటి జోలికి పోరు. ఈ ఎరుక పుస్తకాలతో వచ్చేది కాదు, తల్లి వెంట నాలుగు వానాకాలాలు తిరిగితే వచ్చేది. అది లేనివారు రంగు చూసి, వాసన చూసి, పసుపు వేసి పరీక్షించి విషం లేదని తేల్చుకొనే చిట్కాలు నమ్మదగినవి కావు. మోదుగాకు దొప్పల్లో సర్దినవి రోడ్డు పక్కన పోగులుగా పెట్టి అమ్ముతారు, యాటకు వాడిన పోగు అన్న మాటే దీనికీ వాడతారు.

ధర్మశాస్త్రాల్లో పుట్టగొడుగుది అనుమానపు స్థానం. మనుస్మృతి ఛత్రాకాన్ని, అంటే గొడుగు ఆకారపు శిలీంధ్రాన్ని, వెల్లుల్లి, నీరుల్లి, ఊరకోడితోపాటు ద్విజులకు నిషిద్ధమైన తిండిలో చేర్చింది. జనవ్యవహారంలో ఈ నిషేధమే తలకిందులై పనిచేసింది: శాకమూ కాని మాంసమూ కాని ఈ వస్తువు, శ్రావణమాసంలో మాంసం మానుకొన్న ఇళ్లకు మాంసపు రుచినిచ్చే కూరగా చెల్లింది. తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు, కొద్దిగా అల్లంవెల్లుల్లి ముద్దతో, నీళ్లు పోయకుండా, దానినుంచి దిగే నీటిలోనే ఉడికిస్తారు. ఇక్కడే అసలు చిక్కు. పుట్టకొక్కు దొరికే వారాలు చాలా ఇళ్లలో మాంసం మానుకొనే వారాలు. మాంసం సమృద్ధిగా వండే దసరానాటికి పుట్టకొక్కు జాడ ఉండదు. ఒకవేళ రెండూ ఒకే రోజున దొరికినా, మాంసం ఉన్న ఇంట్లో మాంసానికి బదులుగా తినే వస్తువును మాంసంలోనే వేయడం వృథా అనిపించడం సహజం. మాంసమూ పుట్టగొడుగూ కలిసిన వంటకాలు ఇక్కడ అరుదుగా కనిపించడానికి ఈ పంచాంగమే ప్రధాన కారణమని చెప్పవచ్చు.

ఈ మూడు దారులనూ ఒకచోట చేర్చింది పాకశాస్త్రం కాదు, ప్లాస్టిక్ డబ్బా. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో 1960వ దశకం ఆరంభంలో మొదలైన బటన్ పుట్టగొడుగు సాగు, 1983లో అక్కడే ఏర్పడిన జాతీయ పరిశోధన కేంద్రంతో బలపడి దేశమంతటా పాకింది. దక్షిణాది వేడికి తట్టుకొనే పాల పుట్టగొడుగు, ముత్యపుచిప్ప పుట్టగొడుగు చిన్న షెడ్లలోకి వచ్చాయి. ఏడాదంతా ఒకే ధరకు దొరికే 200 గ్రాముల డబ్బాకు ఆషాఢంతో పనిలేదు, పుట్టతో పనిలేదు. మీగడకూ అలాంటి విడుదలే జరిగింది. స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ ద లవాల్ 1878లో రూపొందించిన తిరుగుడు యంత్రం పాలనుంచి కొవ్వును క్షణాల్లో వేరుచేయగలగడంతో పాశ్చాత్య దేశాల్లో మీగడ ఒక సరుకైంది. ఇక్కడ 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, 1974లో ఏర్పడిన రాష్ట్ర పాడి అభివృద్ధి సంస్థ ఊరూరా పాల సేకరణ అలవాటు చేశాక, పాలు దాలిమీదికి పోకుండా క్యాన్లలోకి పోయాయి, ఉట్టి ఖాళీ అయింది. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డెయిరీ టెక్నాలజీ కళాశాల కామారెడ్డిలోనే ఉండడం ఈ మార్పు ఈ పట్టణాన్ని ఎంత దగ్గరగా తాకిందో చూపుతుంది. ఒకప్పుడు నెయ్యికి మజిలీ అయిన మీగడ, 25 శాతం కొవ్వుతో అట్టపెట్టెలో అమ్ముడుపోయే ఫ్రెష్ క్రీముగా తిరిగివచ్చింది, దాన్ని కూరలో పోస్తే ఎవరి నెయ్యికీ నష్టం లేదు.

మాంసపు కొట్టు కూడా మారింది. కామారెడ్డిలో, కొద్దిమేరకు ఎల్లారెడ్డిలోనూ, ముందురోజు చెబితే కటికవారు లేత మేక పక్కటెముకలను చిన్న ముక్కలు చేయకుండా, వెన్నుతో కలిపి ఒక్కో ఎముకకు ఒక్కో పలకగా, అంగుళం మందాన కొట్టి ఇస్తారు. ఆదివారం పొద్దున రద్దీలో అడిగితే మాత్రం ఆ కోరిక చెల్లదు. ఇంట్లో వండేవారికి ఎదురయ్యే మొదటి సమస్య లేగమాంసానికీ మేకమాంసానికీ మధ్య తేడా. లేగచాప్ పెనంమీద కొన్ని నిమిషాల్లో తినదగినదవుతుంది, మేకచాప్ ఎంత లేతదైనా ఎముక దగ్గర గట్టిగానే ఉంటుంది. పైగా ఈ ప్రాంతంలో లోపల ఎర్రగా ఉన్న మాంసాన్ని ఉడకనిదిగానే లెక్కిస్తారు. అందువల్ల పద్ధతి తలకిందులు చేయవలసి వస్తుంది: పలకలకు ఉప్పు, మిరియాల పొడి పట్టించి గంటసేపు ఉంచి, తడి తుడిచి, బాగా కాగిన ఇనుప పెనంమీద రెండువైపులా రంగు వచ్చేదాకా వేయించి, తరువాత కుక్కర్‌లో కొద్దినీళ్లతో రెండు మూడు కూతలు రానిచ్చి, ఆ నీటిని పారబోయకుండా పక్కన పెట్టాలి. మాంసం వేగిన పెనానికి అంటుకొన్న గోధుమరంగు మాడును గీకి తీయకుండా, అందులోనే వెన్న వేసి, తరిగిన పుట్టగొడుగులను పెద్దమంటమీద వేయించాలి. అవి ముందు నీరు వదులుతాయి, ఆ నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడ్డాకే ఉల్లి, వెల్లుల్లి వేయడం మంచిది. కుక్కర్‌లో మిగిలిన చారు పోసి గరిటెతో పెనం అడుగు కదిపి, మంట పూర్తిగా తగ్గించి, చివర క్రీము కలపాలి.

ఇక్కడే చాలా ఇళ్లలో వంట చెడుతుంది, చెడగొట్టేది అలవాటు. పులుపు లేని మాంసం చప్పగా ఉంటుందన్న నమ్మకంతో చివర్లో ఒక టమాటా గాని, నిమ్మచెక్క గాని పడగానే, అప్పటిదాకా పట్టులా నిగనిగలాడిన సాసు రవ్వరవ్వగా విడిపోయి అంచుల్లో నూనె తేలుతుంది. పుట్టకొక్కుల కాలంలో, మాంసం మానుకోని ఇంట్లో, డబ్బా పుట్టగొడుగులకు బదులు మోదుగాకు దొప్పలోవి వేసి వండితే ఆ సాసుకు మట్టివాసనతో కూడిన ఒక గాఢమైన రుచి వస్తుంది, దాన్ని జొన్నరొట్టె తునకతో అద్దుకొని తింటే నార్మండీవారు ఎరుగని కలయిక అవుతుంది. ఎల్లారెడ్డి రోడ్డు పక్కన ఆ దొప్ప అమ్మే లంబాడీ ఇల్లాలు మాత్రం తాను ఏరినవాటిని క్రీములో వేస్తారని వింటే, అంత మంచి పుట్టకొక్కును పాలలో పాడుచేయడమెందుకని అడిగే అవకాశమే ఎక్కువ.